అన్నం పొట్లంలో కరపత్రం పెట్టవచ్చా?

నమ్మినదాన్ని దాచుకోకూడదని మా సండే స్కూల్లో చెబుతారు. ఎవరినీ బలవంతం చేయకూడదని సాంఘికశాస్త్రం క్లాసులో చెబుతారు. మన రాజ్యాంగంలోని 25వ అధికరణం మతాన్ని నమ్మే, ఆచరించే, ప్రచారం చేసుకునే స్వేచ్ఛ అందరికీ ఇచ్చింది. రెండు మాటలూ నాకు నిజమే అనిపిస్తాయి. కానీ ఆ రెండూ ఒకేచోట ఎదురుపడితే ఏం చేయాలి? అదీ ఎదుటి మనిషి ఆకలితో ఉన్నప్పుడు?

ఇది పుస్తకంలో ప్రశ్న కాదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు చెన్నైలో మా వీధి నిండా నీళ్ళు. కరెంటు లేదు, పాలు లేవు. మా తెలుగు సంఘంవాళ్ళు సాంబారన్నం వండి పొట్లాలు కట్టారు. ప్రతి పొట్లంలో ఒక సువార్త కరపత్రం పెడదామని ఒకరన్నారు. వద్దని ఇంకొకరన్నారు. మా ఇంట్లో కూడా అదే వాదన. "మంచి మందు తెలిసినవాడు జబ్బుపడినోడికి చెప్పకుండా ఉంటే అది మంచితనమా?" అని నాయన అడిగాడు. "ఆకలిగొన్నోడికి ముందు అన్నం పెట్టండిరా. ఎందుకు పెట్టినావని అడిగితే అప్పుడు చెప్పండి" అని అవ్వ అంది.

ఎవరిది సరి? నాకు దీని గురించి ఆలోచించడానికి ఒక పాత సంగతి సాయపడింది.

మేము ముక్కు మూసుకొని దాటే బకింగ్‌హామ్ కాలవ ఒకప్పుడు పడవలు నడిచిన కాలవ. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధాని అంతా ఘోరమైన కరువు. మనవాళ్ళు దాన్ని ధాత కరువు అన్నారు, తమిళులు తాదు వరుషప్ పంజం అంటారు. మద్రాసులో అడయారునీ కూవాన్నీ కలిపే కాలవ భాగం ఆ కరువు పనుల్లోనే తవ్వారు. పైన ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర సుమారు మూడున్నర మైళ్ళ కాలవ పని కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి కూలి ఇచ్చాడు. కులం, మతం చూడలేదు.

ఆ సమయంలో ఎంతోమంది బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం వస్తున్నారేమో అన్న అనుమానంతో దాదాపు పదిహేను నెలలు బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు సాయం ఇక లేదని తెలిశాక కూడా జనం వచ్చారు. అప్పుడు 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా సంఘాల్లో ఈ అంకెను గొప్పగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ అంకె కన్నా ఆ పదిహేను నెలలే గొప్పగా కనిపిస్తాయి. ఇవ్వగలిగి కూడా ఆగాడు, ఎదుటివాడి నిర్ణయం వాడిదే కావాలని ఆగాడు.

అయినా నాకు ఒక సందేహం ఉంది. కాలవ పనిలో మేస్త్రీలుగా ఉన్నవాళ్ళలో చాలామంది ఆయన బోధకులే. పని మధ్యలో విశ్రాంతి దొరికినప్పుడు దేవుని మాటలు చెప్పేవాళ్ళు. మేస్త్రీ చెప్పే మాటను కూలివాడు ఎంతవరకు కాదనగలడు? అంటే బాప్తిస్మం ఆపినంత మాత్రాన బరువు పూర్తిగా పోలేదు. మంచి మనసున్న చోట కూడా పైచెయ్యి, కిందచెయ్యి ఉంటాయి.

అలాగని ఆ జనం అమాయకులై మోసపోయారని అనడం కూడా తప్పే. కరువుకు పదేళ్ళ ముందే, 1866లో, తోలు వ్యాపారం చేసే యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద తనంతట తాను వచ్చి బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాత ఊళ్ళలోని తనవాళ్ళకు వాళ్ళ మాటల్లోనే చెప్పాడు. ఆయనకు ఎవరూ గింజలు ఇవ్వలేదు. ఊరి బయట ఉంచిన మనుషులకు మీరూ దేవుని పిల్లలే అన్న మాట ఎంత పెద్దదో వాళ్ళకే తెలుసు. పేదవాడు ఏదైనా నమ్మితే తిండి కోసమే అనుకోవడం కూడా వాణ్ణి చిన్నచూపు చూడటమే కదా.

ఇక మా పొట్లాల సంగతి. చివరికి కరపత్రాలు పెట్టలేదు. మా వీధిలో తమిళ హిందువులు, ఉర్దూ మాట్లాడే ముస్లింలు, మేము కలిసి ఉంటాం. అందరికీ ఒకే పొట్లం వెళ్ళింది. కొన్ని వారాల తర్వాత పక్కింటి తమిళ పెద్దమ్మ నాయనను అడిగింది: మీ ఇంట్లోనే నీళ్ళుంటే మాకెందుకు మోసుకొచ్చావని. నాయన తనకొచ్చిన తమిళంలో, యేసు ప్రభువు మాకు అలా నేర్పాడు అన్నాడు. ఆమె, మా మురుగన్ కూడా అదే చెబుతాడు అంది. ఇద్దరూ నవ్వారు. ఎవరూ మతం మారలేదు. అయినా నాయన తన నమ్మకాన్ని దాచుకోలేదు, ఆమె కూడా దాచుకోలేదు. ఇద్దరి కడుపులూ నిండి ఉన్నప్పుడు జరిగిన మాట అది. అందుకే ఆ మాటకు విలువ ఉంది.

నేను తెలుసుకున్నది ఇది. విశ్వాసం గురించి చెప్పవచ్చు, సిగ్గుపడనక్కర లేదు. అయితే చెప్పేముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ మనిషి నాకు భయపడకుండా "వద్దు" అనగలడా? అతను వద్దంటే రేపు కూడా ఇదే పొట్లం, ఇదే నవ్వుతో ఇస్తానా? ఇంకోటి కూడా చూడాలి. మేమే ఆకలితో ఉన్నప్పుడు వేరే మతంవాళ్ళు పొట్లంలో వాళ్ళ కాగితం పెట్టి ఇస్తే మాకెలా ఉంటుంది? మాకు బాధ కలిగించేది ఇంకొకరికి చేస్తే, దాన్ని ప్రేమ అని పిలవలేం.

నాయన ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోడు. మందు ఉపమానం మళ్ళీ చెబుతాడు. నేను అంటాను, "నిజమే నాయనా, కానీ మంచి డాక్టరు కూడా రోగిని అడిగే సూది వేస్తాడు కదా!"