సమాధి రాళ్లు చెప్పు సాక్ష్యము

ధ్యానభాగములు: ఆదికాండము 35:16–20, యెహోషువ 4:1–7



ప్రయాణములో రాహేలు ప్రసవవేదనతో మరణించినప్పుడు యాకోబు ఆమె సమాధిమీద ఒక స్తంభము నిలిపెను. తల్లి మొగమెరుగని బెన్యామీను పెద్దవాడైన పిమ్మట చూచుటకు ఆ రాయి యుండెను. అయితే తల్లిని గూర్చి చెప్పవలసినది రాయి కాదు, తండ్రియే. యొర్దానునుండి తెచ్చిన పండ్రెండు రాళ్ల సంగతియు అంతే. పిల్లలడిగినప్పుడు పెద్దలే ఉత్తరమియ్యవలెనని యెహోషువ ఆజ్ఞాపించెను.

మన నడికుడి ప్రాంతమున నాపరాయికి కొదువ లేదు. ఇంటి అరుగుకును అదే, సమాధికిని అదే. కాని అది సున్నపురాయి గనుక వాననీటికి కొంచెము కొంచెముగా కరగును. తాతలనాడు చెక్కించిన అక్షరములు మాసిపోవుచున్నవి. సమాధుల పండుగకు మనము ఏటేట పూయు సున్నము మిగిలినవాటిని పూడ్చుచున్నది. పైకి తెల్లగా కనబడు సమాధులను గూర్చి ప్రభువు హెచ్చరించెను గదా (మత్తయి 23:27). రాయి తెల్లనై, దాని క్రింది పేరు మరుపునబడినచో మనము చేసిన గౌరవమేమి?

1842 జూలై 31న గుంటూరు చేరిన ఫాదర్ హయ్యరుగారు పిమ్మట గురజాలలో నివసించి పల్నాటి పల్లెలలో సువార్త ప్రకటించిరి. వారు 1873లో అమెరికాలో నిద్రించిరి. వారి పేరు గ్రంథములలో నిలిచినది. ఆ సువార్తను నమ్మిన మన పెద్దలు ఇచ్చటి మట్టిలోనే నిద్రించుచున్నారు. వారిలో రాయి పెట్టించుకొనగలిగినవారు కొందరే. 1876–78 నాటి గొప్ప కరవులో పోయిన బీదలకు మట్టిదిబ్బయే గురుతు. అదియు వానలకు చదునైపోవును.

రాయి ఉన్నవారి సంగతియు పూర్తిగా తెలియదు. రాతిమీద బాప్తిస్మపు పేరుండును. కన్నతల్లి పిలిచిన పేరుండదు. ఏ యూరినుండి వచ్చిరో, ఎవరి పొలమున పాలేరుతనము చేసిరో, ఎన్ని మాటలు పడి విశ్వాసమును నిలుపుకొనిరో మన అవ్వలకే తెలియును. ఆ అవ్వ కన్నుమూసిననాడు రాయి మూగదగును.

కాబట్టి ఈ పండుగకు ముందు మూడు పనులు చేయుదము. మొదటిది, సున్నము కొట్టకమునుపు రాతిని మంచినీళ్లతో, మెత్తని గుడ్డతో కడుగుదము. ఇనుముతో గీకవద్దు, ఆసిడు పోయవద్దు. ప్రొద్దు వాలునప్పుడు ఏటవాలు ఎండలో అరిగిన అక్షరములు కనబడును. అప్పుడు వ్రాసికొని, అక్షరములున్న ముఖమును సున్నము పూయక విడిచిపెట్టుదము. రెండవది, ఇంటి వృద్ధుల యొద్ద కూర్చుండి వారు చెప్పినదంతయు పుస్తకములో వ్రాసి, ఒక ప్రతి సంఘమునకిత్తము. మూడవది, రాయి లేనివారి పేర్లను పండుగ ఆరాధనలో బిగ్గరగా చదువుదము.

పరలోకమందు వ్రాయబడిన పేర్లను (లూకా 10:20) ఏ వానయు చెరపదు. మన పెద్దలను ప్రభువు మరువడు. లేపు దినమున పేరుపెట్టి పిలుచును. మరచునది మనమే. మన బిడ్డలు అడుగు దినమున ఉత్తరమిచ్చు కృపను ఆయన మనకు దయచేయును గాక. ఆమేన్.