ఆటో తాళం

చార్మినార్ చుట్టూ పొద్దంతా హారన్ల మధ్య ఆటో నడిపిన పోరగాడు రాత్రికి ఒంటిగది ఇంటికొస్తాడు. లోపల ఏడుగురు. తల పగిలిపోతుంటే గల్లీ చివర చిలుం ముట్టిస్తాడు. ‘వీళ్లింతే’ అంటుంది లోకం. అదే మొక్క ఆకు నూరిన భంగు కాశీలో సర్కారు లైసెన్సున్న దుకాణంలోనే దొరుకుతుంది. 1985 నాటి మత్తుమందుల చట్టం పూతని పట్టుకొని, పూత కలవని ఆకుని వదిలేసింది మరి. వాళ్లు భంగు తాగితే పండుగ, మావాడు చిలుం పీలిస్తే జాతి లక్షణం! ఇది మాకు మంటే.

అయితే ఆ మంట చాటున మేం దాక్కోలేం. షరాబు హరామ్ గానీ గంజాయి కాదుగా అన్న వాదం మాలో పాతదే. 14వ శతాబ్దంలోనే ఇబ్న్ తైమియా దాన్ని ఒప్పుకోలేదు. కలందర్ ఫకీర్లు పీల్చడమూ మానలేదు.

ఫత్వాల సంగతి అలా ఉంచి రోడ్డు మీదికి రండి. నషా దూరాన్నీ కాలాన్నీ తప్పుగా చూపిస్తుంది. బ్రేకు మీదికి కాలు ఆలస్యంగా పోతుంది. జనం, వెలుతురు, చప్పుడు కమ్ముకున్న చోట నెమ్మదికి బదులు గుండెదడ, భయం పుట్టొచ్చు. తింటే మరీ మోసం. గంట దాకా ఏమీ తెలీక ఇంకొంత తింటారు. ‘బాధ్యతగా వాడుకో’ అనేవాళ్లకి తలుపేసుకునే గది ఉంటుంది. మావాడి నషా దిగేది బజార్లోనే. వాడి వెనక సీట్లో కూర్చునేది మా అమ్మలే.

వాడికి కావాల్సింది నషా కాదేమో, గంటసేపు నిశ్శబ్దమేమో. అది మేం ఇవ్వలేకపోయాం. అందుకే చిలుం పడెయ్ అనడానికి మాకు నోరు రావడం లేదు. ఆటో తాళం మాత్రం లాక్కుంటున్నాం.