ద్వారపాలకుడూ, మెట్లూ

చాథాం రేవుకు బాంబూఫ్లాట్ నుంచి వాహనాల పడవ రావడం అండమాన్ వాసులకు అలవాటైన దృశ్యం. పడవ రేవును తాకగానే ముందుభాగంలోని ఇనుప పలక కిందికి వాలుతుంది. సరుకుల లారీలు, జీపులు, మోటారు సైకిళ్లు ఆ వాలు మీదుగా నేలకు దిగుతాయి. లారీ మెట్లు దిగలేదని ఎవరూ ప్రత్యేకంగా గుర్తుచేయనక్కరలేదు. చక్రాలున్నాయి కనుక వాలు ఉండాలి. దీనిని లారీ పట్ల చూపిన కరుణ అని ఎవరూ అనరు. కాని చక్రాల కుర్చీలో ఉన్న మనిషి ఒక కార్యాలయపు గుమ్మం ముందు ఆగిపోయినప్పుడు మన భాష మారిపోతుంది. సానుభూతి, సేవ, ఔదార్యం అన్న మాటలు ముందుకు వస్తాయి. సరుకు విషయంలో అవసరంగా తోచినది మనిషి విషయంలో దయగా ఎందుకు మారుతున్నది?

మహాభారతం అరణ్యపర్వంలో అష్టావక్రుడు జనకుని యజ్ఞశాల వాకిట నిలిచిన ఘట్టం ఉంది. తన తండ్రిని వాదంలో ఓడించి నీట ముంచిన వందితో తలపడటానికి ఆ బాలుడు వచ్చాడు. బాలురకు ప్రవేశం లేదని ద్వారపాలకుడు అడ్డగించాడు. జ్ఞానానికి వయసు కొలత కాదని అష్టావక్రుడు అతనితో వాదించి, ఒప్పించి లోపలికి వెళ్ళాడు. అతని దేహంలోని ఎనిమిది వంకరలను అందరూ తలుచుకుంటారు. నాకు మాత్రం ఆ ద్వారపాలకుడే ఎక్కువగా గుర్తుకు వస్తాడు. అతడు అడ్డగించాడు, నిజమే. కాని వాదన విన్నాడు. మెట్లకు చెవులు లేవు. పైగా ద్వారపాలకుణ్ణి నియమించినవాడు ఒకడుంటాడు. మెట్ల వెనుక ఎవరున్నారు? ఇంజనీరు పటాన్ని అనుసరించాడు, పటం గీసినవాడు పాత పటాన్ని అనుసరించాడు. ఎవరూ ఎవరినీ వెలివేయాలని అనుకోలేదు. వెలి మాత్రం జరిగిపోయింది.

2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో, ఆ మాటకు వస్తే ఈ దీవులలో అనేక చోట్ల, తెలుగు వినబడుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ నూటికి పదముగ్గురు తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాలనుంచి సుమారు 1200 కిలోమీటర్ల సముద్రం దాటి వచ్చిన కుటుంబాలు వీటిలో ఎన్నో. అలా వచ్చిన ఒక వృద్ధుణ్ణి నేనెరుగుదును. ఉద్యోగ విరమణ తరువాత పక్షవాతంతో ఆయన కాళ్లు చచ్చుబడ్డాయి. ఏటా నవంబరులో జీవన ధ్రువపత్రం కోసం ఆయన ఆటోలో ఒక కార్యాలయం ముందుకు వచ్చేవాడు. గుమాస్తా కాగితాలు పట్టుకుని మెట్లు దిగివచ్చి ఆటోలోనే సంతకం పెట్టించుకునేవాడు. ఆ గుమాస్తా నిజంగా మంచివాడు. ఆ మాటే అంటే, వృద్ధుడు తలూపి, "మంచోడే. గాని ఆ గది లోపల ఎలాగుంటదో నానెరగను బాబూ" అన్నాడు.

ఆ మాటకు నావద్ద జవాబు లేకపోయింది. పని జరిగింది, గౌరవానికి లోటు కనబడలేదు. అయినా బతికి ఉన్నానని ప్రభుత్వానికి చెప్పుకోవడానికి వచ్చిన మనిషి ప్రభుత్వం కొలువున్న గదిలోకి అడుగు పెట్టలేకపోయాడు. ఆ గుమాస్తా బదిలీ అయితే ఆయన హక్కు కూడా బదిలీ అవుతుంది. దయకూ న్యాయానికీ తేడా ఎక్కడుందని అడిగితే నేను ఇక్కడే చూపిస్తాను.

చట్టానికి లోటు లేదు. వికలాంగుల చట్టం 1995లో వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2016 చట్టం, నియమాలు వెలువడిన అయిదేళ్లలోగా ఉన్న ప్రభుత్వ భవనాలన్నిటినీ అందరికీ అందుబాటులోకి తేవాలన్నది. నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి కనుక గడువు 2022 జూన్‌తోనే తీరిపోయింది. రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబరు 8న తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు, ప్రమాణాలను కేవలం సలహాలుగా మిగిల్చిన నియమం చట్టానికే విరుద్ధమని, తప్పనిసరి ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించాలని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను సిద్ధంచేసినది మన హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయమే. ఈలోగా 'వికలాంగులు' అన్న మాట 'దివ్యాంగులు'గా మారింది. పేరు మారినంత వేగంగా గుమ్మాలు మారలేదు.

ఇక అధికారులనుంచి తరచు వినబడే మాట: "అటువంటివారు మా కార్యాలయానికి ఎవరూ రావడం లేదు కదా!" ఇది వంతెన కట్టకముందు నదిని ఎంతమంది దాటుతున్నారని లెక్కించడం వంటిది. రాలేనివారి పేర్లు సందర్శకుల పుస్తకంలో ఉండవు. ఖర్చు గురించిన మాటా ఉంది. ఒక్కొక్కటి ఆరంగుళాల చొప్పున మూడు మెట్లంటే అడుగున్నర ఎత్తు. పన్నెండుకు ఒకటి చొప్పున వాలు కడితే పద్దెనిమిది అడుగుల పొడవు చాలు. ఏటా సుమారు 3000 మిల్లీమీటర్ల వాన కురిసే ఈ దీవులలో పైకప్పు, గరుకు నేల, రెండువైపులా చేతిపట్టీలు అదనంగా కావాలి; లేకుంటే పాచి పట్టిన వాలు మెట్లకన్నా ప్రమాదం.

చారిత్రక కట్టడాల విషయం ఇంత తేలిక కాదని ఒప్పుకుంటాను. 1906లో పూర్తయిన సెల్యులార్ జైలును తీసుకుందాం. మూడంతస్తుల ఏడు విభాగాలు, నడుమ ఒక గోపురం. ఒక విభాగపు ముఖం మరొక విభాగపు వెన్నును చూస్తుంది, ఖైదీ ముఖం ఖైదీకి కనబడకూడదని. ఎవరిని ఎవరినుంచి వేరుచేస్తున్నదీ ఆ కట్టడం వేసినవారికి స్పష్టంగా తెలుసు. 1979లో అది జాతీయ స్మారకమైంది. ఇప్పుడు మిగిలినవి మూడు విభాగాలు. ఆ రాళ్లను ఇష్టం వచ్చినట్లు పగలగొట్టమని ఎవరూ అడగరు. అయితే వాటి వయసును సాకుగా చూపి, నిన్నమొన్న కట్టిన టిక్కెట్ల గదికీ, గ్రంథాలయానికీ, రేవులోని విశ్రాంతి మందిరానికీ అదే మినహాయింపు ఇచ్చుకోవడం తగదు.

కొత్త భవనపు పటంమీద సంతకం పెట్టేముందు, సంబంధిత అధికారి చక్రాల కుర్చీ వాడే ఒకరిని వెంటబెట్టుకుని పాత భవనంలో రేవునుంచి బల్లదాకా ఒక్కసారి వెళ్ళి చూడవచ్చు. వాలుబాట ముందు గుమ్మానికి ఉన్నదా, తాళం వేసిన వెనుక తలుపుకా? మరుగుదొడ్డి తలుపులో కుర్చీ పడుతుందా? లోపలికి చేరిన మనిషికి బల్ల వెనుక కూర్చున్నవారి ముఖం కనబడుతుందా?