నా వెనక వచ్చిన స్వీపరు

మా అమ్మ స్వీపరు. ఈ మాట కాగితం మీద రాయడానికి నాకు నలభై ఏడేండ్లు పట్టింది. బడిలో, కాలేజీలో, ఉద్యోగం ఫారాల్లో 'తల్లి వృత్తి' అని అడిగిన ప్రతిచోటా కూలి అని రాసిన, గృహిణి అని రాసిన. ఒకసారైతే ప్రైవేటు ఉద్యోగం అని రాసిన. అబద్ధమేం కాదు, కాంట్రాక్టరు కింద పని ప్రైవేటే గదా!

ఆ మాటనే మొన్న చలికాలం ఒకాయన జాకెట్ మీద పెద్ద పెద్ద అక్షరాలతో వేసుకొని అడవిలో నా వెనక నడిచిండు. ఆ సంగతే ఇది.

మేం మాదిగోళ్లం. నల్లగొండ జిల్లా నుంచి వచ్చి ఎల్బీనగర్ దగ్గర బస్తీలో పడ్డం. నాయిన ఆరె, రంపె సంచిలో ఏసుకొనే వచ్చిండు గానీ ప్లాస్టిక్ చెప్పుల ముందు అవి ఆగలేదు. అమ్మ చీపురు పట్టింది. తెల్లారి ఐదింటికి హాజరు. పది నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు కూలి కోత. కొత్తపేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఎక్కడ వేస్తే అక్కడ ఊడ్చింది. పండ్ల మార్కెట్ అప్పటికింకా బాటసింగారం పోలేదు, కొత్తపేటలోనే ఉండేది. ఎండకాలం వచ్చిందంటే లారీల నుంచి రాలిన గడ్డి, మురిగిన మామిడికాయలు, వాటి మీద ఈగలు. అమ్మ కొంగు నుంచి మామిడి వాసన వచ్చేది. ఇప్పటికీ నేను మామిడిపండు తినను. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్లో బాంబులు పేలినంక, ఆ రోడ్డు ఊడ్చినోళ్లలో అమ్మ కూడా ఉన్నది. "జతల్లేని చెప్పులు బిడ్డా, ఎన్ని చెప్పులో" అన్నది ఇంటికొచ్చి. అంతకుమించి ఎన్నడూ చెప్పలేదు.

నేను చదువుకొని లెక్చరర్‌నైన. షుగరొచ్చింది. అమ్మకు రాని రోగం నాకొచ్చింది, ఇది కూడా ఒక ప్రమోషనే అనుకోవాలె. డాక్టరు నడవమన్నడు. పొద్దున్నే మెట్రో స్తంభాల పక్కన ఎల్బీనగర్ నుంచి విక్టోరియా మెమోరియల్ దాకా, మనసైతే చైతన్యపురి దాకా నడిచేది. అమ్మ ఊడ్చిన రోడ్డే. ఊడ్చే ఆడోళ్ల పక్కనుంచి బూట్లేసుకొని పోవాలంటే తల ఎత్తబుద్ధి కాకపోయేది. "జరుగక్కా, దుమ్ము పడ్తది" అని వాళ్లే చీపురు ఆపేటోళ్లు.

నా దగ్గర చదువుకున్న పిల్లగాడొకడు, "మేడమ్, అనంతగిరి గుట్టల్లో ట్రెయిల్ రేస్ ఉంది. తారు రోడ్డు కాదు, మట్టి బాట, రాళ్లు. పది కిలోమీటర్లు. ఉరకకున్నా సరే, నడవొచ్చు" అన్నడు. ఫీజు కూడా చెప్పిండు. నడిచినందుకు మనమే పైసలియ్యాల్నా? అమ్మ కాంట్రాక్టరు వింటే పడీపడీ నవ్వుతడు.

ఉరుకుడు అంటే మనకు వేరే గుర్తుకొస్తది. 1991 ఆగస్టు 6న చుండూరులో మనోళ్లు పొలాలకడ్డంపడి ఉరికిన్రు. ఎనిమిది మందిని నరికి చంపిన్రు. నడక సంగతి కూడా అంతే. 1924లో వైకోంలో గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడవనీయమని సత్యాగ్రహం చెయ్యాల్సొచ్చింది. మా నాయినమ్మ దొర వాకిలి ముందు చెప్పులు చేతుల పట్టుకొని నడిచింది. ఆ చెప్పులు కుట్టింది మా తాత. అసుంటి కాళ్ల మనవరాలు ఏ పనీ లేకుండా, ఊకెనే, అడవిలో నడవొచ్చా? ఇది నాకు నిజంగనే ప్రశ్న. ఉద్యమంలో ఉన్న దోస్తు "సాఫ్ట్‌వేరోళ్ల సోకు" అని తీసిపారేసింది. నేను పోయిన.

మూసీ పుట్టేది ఆ గుట్టల్లోనే. చైతన్యపురి దగ్గర మనం ముక్కు మూసుకొని దాటే మూసీయే. రొమ్ము మీద నంబరు కుట్టుకొని బయలుదేరిన. రెండు కిలోమీటర్లకే అందరూ నన్ను దాటిపోయిన్రు. ఆరు దాటేసరికి వెనక ఒక్క మనిషే మిగిలిండు. నారింజరంగు జాకెట్, దాని మీద 'స్వీపర్'. అందరికన్నా వెనక వచ్చి, ఎవరూ అడవిలో మిగిలిపోకుండా చూసుకుంట, దారి గుర్తుకు కట్టిన రిబ్బన్లు విప్పుకుంట, చెత్త ఏరుకుంట నడిచుడు ఆయన పని. ఆ పనికి ఆ ఆటలో పేరే అదంట.

"మీరు ముందు నడవండి సార్, నాకు టైమైపోతది" అన్న.

"టైమైపోయినా మిమ్మల్ని వదిలి పోము మేడమ్. మెల్లగ రండి" అన్నడు.

ఐదు దాటితే కూలి కోసే లోకం నుంచి వచ్చినదాన్ని. నాకు గొంతుకడ్డం పడింది.

తర్వాత జరిగింది చెప్పడానికే ఇదంతా రాస్తున్న. పల్లిపట్టీ తిని కాగితం జేబులో పెట్టుకున్ననని అనుకున్న. వెనక్కి తిరిగి చూస్తే ఆయన వంగి దాన్ని ఏరుతున్నడు. ఊడ్చేటామె బిడ్డను, చెత్త పడేసిన. అదొక్కటే అయితే సిగ్గుతో పోయేది. ఒక్క క్షణం నాకు మంచిగనిపించింది. వాడలో పుట్టినదాని ఎంగిలి కాగితం ఒక పెద్దకులపాయన వంగి ఎత్తుతున్నడని! ఆయన కులం నాకు తెల్వదు. మాట విని, చెయ్యి చూసి ఊహించుకున్న. మనల్ని జనం చూసే చూపే అది. అది నా కండ్లల్లకు ఎప్పుడొచ్చిందో!

ఆయన తప్పేముంది? పనికి కులం వదిలితే ఎట్లుంటదో రెండు గంటలు చూపించిండు గదా అని ఒక మనసంటది. చూపించిండు, నిజమే. కానీ గమనించండి, 1936లో ఒకే ఏడాది రెండు రాతలొచ్చినయి. అంబేడ్కర్ కుల నిర్మూలన రాసిండు. గాంధీ హరిజన్ పత్రికలో ఆదర్శ భంగీ ఎట్లుండాల్నో రాసిండు. ఒకాయన మెట్లు కూలగొట్టమన్నడు, ఇంకొకాయన కింది మెట్టును మెచ్చుకున్నడు. మెచ్చుకోలు మనకు కొత్త కాదు, పాదపూజలు గూడ చూసినం. ఆ జాకెట్ సాయంత్రం విప్పొచ్చు. అమ్మ కోటు విప్పినా, బస్తీలో, బడిలో, నా ఫారాల్లో ఆ పేరు విప్పబడలేదు. మరి ఆ పిల్లగాని మీద కోపం రావాల్నా? రాలేదు. ఆ మాట ఆయనకు అంత తేలికగుండుడు చూసి కండ్లు మండినయి. నాకెందుకు తేలికగ లేదని నా మీదనే కోపమొచ్చింది.

చివరిదాన్నే చేరిన. అక్కడున్నోళ్లు చప్పట్లు కొట్టిన్రు, మెడలో మెడల్ వేసిన్రు.

అమ్మ ఇప్పుడు ఇంటి పట్టునే ఉంటుంది. అంతా చెప్పిన, కాగితం సంగతితో సహా.

"ఆయనకు జీతమెంతనే?"

"జీతం లేదమ్మా. ఊకెనే చేస్తరు."

"ఊకెనేనా!" అని కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. "రేపు గూడ వస్తడా?"

"రాడు. ఆయనకు ఆఫీసుంటది."

కొద్దిసేపు ఏమనలేదు. "నిన్ను తొందర వెట్టలే గదా?"

"లేదమ్మా."

"గట్లయితే మంచోడే."

మెడల్ చేతిలోకి తీసుకొని బరువు చూసింది. "ఇనుమేనా?" అని పక్కన పెట్టి, "ఏదీ, కాళ్లు సూపియ్యి" అన్నది. మడమ మీద బొబ్బ లేసింది. "చిదుమకు. రేపు బూట్లెయ్యకు" అనుకుంట కొబ్బరినూనె సీసా కోసం లేచింది.