పాత నూనె



ఎనుమాములలో ఆదివారం వందన అయ్యాక మేం కూర్చునే గదికి ఒక తమ్ముడు పాత కెమెరా తెచ్చాడు. యాషికా మ్యాట్ 124జి. జపాన్ వాళ్ళు 1970లో మొదలుపెట్టి 1986 దాకా తయారుచేసిన రకం. ఒకదాని కింద ఒకటి రెండు లెన్సులుంటాయి. తల వంచి పైనుంచి చూస్తూ ఫొటో తీయాలి. వాళ్ళ నాయన దాంతోనే ఇల్లు నడిపాడు. పెండ్లిళ్ళు, మార్కెట్ యార్డులో మిర్చి కుప్పలు, హమాలీల ధర్నాలు, ఏప్రిల్ 14 ఊరేగింపులు అన్నీ తీశాడు. ఆయన పోయి చాలా ఏండ్లయింది.

తమ్ముడు ఆశకొద్దీ ఒకసారి మీట నొక్కితే షట్టర్ ఆకులు సగం తెరుచుకుని నిలబడిపోయాయట. ఫిల్ము చుట్టే పిడి కూడా కదలదు. లోపల నాయన వేసిన ఫిల్ము ఉంది. పన్నెండు ఫొటోల చుట్టలో లెక్క 7 దగ్గర ఆగింది. ఏడోది ఎట్లాగూ పోయినట్టే. ముందటి ఆరింటిలో ఎవరున్నారో ఎవరికీ తెలియదు.

"కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు పోసిన అన్నా, ఇంకింత బిగుసుకున్నది" అన్నాడు. వాళ్ళమ్మ "దాని రాత అంతే, వదిలెయ్ బిడ్డా" అంది. ఈ "రాత" అనే మాటను దీక్ష నాడే విడిచిపెట్టాం అనుకుంటాం గానీ, నాలుక మీద నుంచి ఇంకా దిగలేదు.

అక్కడే ఉన్న ఇంకో పిల్లగాడు సూటిగా అడిగాడు. "అన్నీ అనిత్యమని నువ్వే చెప్తివి గదన్నా. పాడైనదాన్ని పట్టుకుని వేలాడుడు తృష్ణ కాదా?"

మంచి ప్రశ్న. ఆ రోజు నాకు జవాబు తోచలేదు. ఇంటికొచ్చి బాబాసాహెబ్ "బుద్ధుడు - ఆయన ధమ్మం" తీశాను. ఆయన పరినిర్వాణం తర్వాత, 1957లో అచ్చయిన పుస్తకం అది. శూన్యత అంటే ఏమీ లేకపోవడం కాదంటాడు అందులో. వస్తువుల స్వభావం మారుతూ ఉండడం వల్లనే ఇంకొకటి జరగడానికి వీలవుతుంది అనేది ఆయన చెప్పే విషయం. మనం అనిత్యం అనగానే పోయేదాని గురించే ఆలోచిస్తాం. బిగుసుకున్నది కూడా అనిత్యమే కదా, దాన్ని మాత్రం శాశ్వతం అనుకుంటాం.

తర్వాత హనుమకొండలో పాత కెమెరాలు తెలిసిన ఒక పెద్దమనిషి దగ్గరికి పోయాం. ఆయన ముందు షట్టర్ ముట్టుకోలేదు. ఫిల్ము సంగతి చూడాలన్నాడు. కిటికీలు మూసి, దీపం ఆర్పి, గొంగడి కప్పుకుని, చేతి తడుముడు మీదే చుట్టలు బయటికి తీశాడు. ఫిల్మును దాని నల్ల కాగితంతోనే గట్టిగా చుట్టి, రబ్బరు బ్యాండు వేసి డబ్బాలో పెట్టాడు. ఆ తర్వాతే ముందువైపు లెథరెట్ ఒలిచి, కింద దాగిన స్క్రూలు తీశాడు. పళ్ళెంలో ముక్కలు చూసి నాకు మిలింద పన్హలో నాగసేనుడు రథం గురించి వేసిన ప్రశ్న గుర్తొచ్చింది. ఇరుసు రథమా, చక్రం రథమా? పెద్దమనిషికి అది చెబితే "ముందు ఆ స్క్రూ పోగొట్టకు" అన్నాడు.

తుప్పు ఎక్కడా లేదు. విరిగిందీ లేదు. షట్టర్ ఆకులు పల్చని రేకులు, పొడిగా ఉంటేనే ఒకదాని మీద ఒకటి జారతాయి. నూనె తగిలితే తడిసిన కాగితాల్లా అతుక్కుంటాయి. తమ్ముడు ప్రేమతో పోసిన చుక్కలే వాటిని ఇంకా అంటించాయి. నెమ్మది వేగాలు నడిపించే చిన్న పళ్ళచక్రాల మధ్య ఇంకో జిగురుంది. అవి సాఫీగా తిరగాలని కంపెనీలో పెట్టిన నూనే అది. ఏండ్ల తరబడి ఎండకు పల్చటిది ఆవిరై, చిక్కటిది మిగిలి, దుమ్ము పట్టి, డికాషన్ రంగు బంకయింది. లైటర్‌లో పోసే పెట్రోల్ దూదికి అద్ది తుడవడం, మీట నొక్కి చూడడం, ఆరనివ్వడం, మళ్ళీ తుడవడం. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. ఒక్కసారి కూడా బలంగా తోయలేదాయన.

ఆ బంకను చూస్తుంటే నా మనసు వేరే చోటికి పోయింది. పోయిన నెల మా గదిలోనే ఒక సంబంధం చెడింది. రెండు కుటుంబాలూ ఇరవై రెండు ప్రతిజ్ఞలు తీసుకున్నవే. పిల్లకూ పిలగానికీ ఇష్టమే. పిల్ల తండ్రి మెల్లగా అడిగాడు: "మీరు మాలనా, మాదిగనా?" ఆ రోజు నేనూ అక్కడే కూర్చుని ఉన్నాను. పంచశీల చదివించే నోరు తెరవలేదు.

ఆ తండ్రిని తిట్టడం తేలిక. కానీ కరువు రోజుల్లో గింజలు అప్పిచ్చింది, దెబ్బలు తిన్న రాత్రి తలుపు తీసింది ఆయన కులపోళ్ళే. అప్పుడు బతుకును నడిపిన నూనె అది. దాని మీద ఇంకింత నూనె పోసినట్టు, వేదిక ఎక్కి "మనమంతా ఒక్కటే" అని నేను ఎన్నో ఉపన్యాసాలిచ్చాను. ఆయన ఇంటికి పోయి, ఎక్కడ పట్టేసిందో అడిగింది మాత్రం ఒక్కసారీ లేదు.

షట్టర్ ఇప్పుడు నడుస్తోంది. సెకను మీద పెడితే సన్నగా జుయ్‌మని సెకనుసేపు పలికి మూసుకుంటోంది. అన్నింటికంటే ఎక్కువ వేగం, సెకనులో 500వ వంతు, కొంచెం బద్ధకంగానే ఉందట. దాన్ని అట్లాగే వదిలెయ్యమన్నాడు. ఫిల్ము కడిగేవాళ్ళ కోసం హైదరాబాద్‌లో వెతుకుతున్నాం. ఇన్నేండ్లయింది కాబట్టి మసకబారి ఉండొచ్చు, ఏమీ రాకపోనూవచ్చు. తమ్ముడి అమ్మ మాత్రం ఆ డబ్బాను బియ్యం డ్రమ్ము వెనక, ఎండ తగలని చోట పెట్టింది.

పిల్ల తండ్రి మిర్చి సీజన్‌లో తెల్లవారుజామునే యార్డుకు పోతాడు. సోమవారం ఆయన పోయే లోపల ఇంట్లోనే కలవాలని అనుకుంటున్నాను.