శవానికి ఇంటిపేరు

కాట్రేనికోనలో ఒక కుర్రాడు ఉండేవాడు. పగలు అమలాపురంలో డిగ్రీ చదువు, రాత్రిళ్ళు కథలు రాయడం, ఇదే అతని లోకం. 2021లో వచ్చిన ‘జాంబీ రెడ్డి’ సినిమా చూసినప్పటి నుంచి అతనికి ఒకటే కోరిక. చచ్చినవాళ్ళు లేచి నడిచే కథ ఒకటి రాయాలి. అది చదివినవాడు రాత్రిపూట పెరట్లోకి వెళ్ళాలంటే జంకాలి.

రాశాడు. అమావాస్య రాత్రి సముద్రంలోంచి శవాలు లేస్తాయి. కొబ్బరితోటల్లోంచి నడిచొచ్చి ఊరి మీద పడతాయి. హీరో కత్తి పట్టుకుని తలలు నరుకుతూ పోతాడు. సాయంత్రం కాలవ గట్టు మీద కూర్చుని స్నేహితులకు చదివి వినిపించాడు. రెండో పేజీ దాటేసరికి ఒకడు ఆవలించాడు, ఇంకొకడు ఫోను తీశాడు. “రక్తం సరిపోలేదురా” అన్నాడు మూడోవాడు.

ఇంటికెళ్ళి రక్తం పెంచాడు. పది శవాలు వందయ్యాయి, వంద వెయ్యయ్యాయి. చివర్లో ఊరంతా తగలబెట్టేశాడు. ఈసారి ఆవలింతలు మొదటి పేజీలోనే వచ్చాయి.

దిగులుపడి, చిన్నప్పుడు తెలుగు చెప్పిన మాస్టారి దగ్గరకు వెళ్ళాడు. రిటైరైన మాస్టారు కాగితాలన్నీ ఓపిగ్గా చదివి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

“చందమామలో బేతాళ కథలు చదివావా?”

“చదివానండి.”

“శవాన్ని భుజాన వేసుకుని రాజు శ్మశానంలో నడుస్తుంటాడు. ఏనాడైనా భయపడి పుస్తకం మూసేశావా?”

“లేదండి. బేతాళుడు ఏమడుగుతాడో, రాజు ఏం చెబుతాడో అని చూసేవాణ్ణి.”

“అదీ సంగతి. ఆ శవం ఒక ప్రశ్న అడుగుతుంది. తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుంది, చెబితే మౌనం పోయి శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. నీ శవాలు వెయ్యి ఉన్నాయి. కరవడం తప్ప ఒక్కటైనా ఏమన్నా అడిగిందా?”

కుర్రాడి దగ్గర జవాబు లేదు. ఏమడగాలో మాస్టారూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్న చేపల మామ్మ వచ్చింది. బలుసుతిప్ప నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని ఆ వీధికి ఏళ్ళుగా వస్తోంది. అరుగు ముందు చతికిలబడి, బొమ్మిడాయిలకు బూడిద అద్ది, జిగురు పోయేలా అరచేతుల మధ్య రుద్దుతోంది. కుర్రాడు అరుగు మీద కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు.

“ఏం రాత్తన్నావు బాబూ?”

“కథ మామ్మా. చచ్చిపోయినోళ్ళు సముద్రంలోంచి లేచొస్తారు. హీరో అందర్నీ నరికేస్తాడు.”

మామ్మ చేతులు ఆగాయి.

“ఎవరి పిల్లల్రా ఆళ్ళు?”

“ఎవరూ?”

“అదే, నరికేశావన్నావే. ఆళ్ళకి అమ్మా నాన్నా లేరా? ఏ ఊరోళ్ళు? ఇంటిపేరేటి?”

వెయ్యి శవాలలో ఒక్కదానికీ అతను పేరు పెట్టలేదు.

మామ్మ మళ్ళీ చేప తీసుకుంది. చేత్తో పని చేస్తూనే చెప్పింది. 1996 నవంబరు 6న గాలివాన వచ్చిన రోజు ఆమె పెనిమిటి వేటలో ఉన్నాడు. పడవా రాలేదు, మనిషీ రాలేదు, శవమూ ఒడ్డుకు రాలేదు. “శవం దొరికినోళ్ళు ఏడ్చి ఊరుకున్నారు. నేను శానా కాలం రాత్రిళ్ళు తలుపుకి గడియ పెట్టలేదు బాబూ. ఏ ఏళప్పుడన్నా వత్తాడేమోనని.”

కుర్రాడు గుటక మింగి అడిగాడు. “నా కథలోలాగా వస్తే ఏం చేస్తావు మామ్మా?”

“తలుపు తీత్తాను” అంది వెంటనే. “ఒళ్ళంతా నాచు పట్టి వచ్చినా ఆయన నడక నాకు తెలీదా?”

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఎవరితోనో వాదిస్తున్నట్టు నెమ్మదిగా అంది. “కానీ అప్పుడు నా ఒళ్ళో ఏడాది పిల్లుంది. తలుపు తీత్తే దాన్ని కరుత్తాడంటావా? అయితే తియ్యాలా, వద్దా? ఏమో బాబూ. నాకు తెల్లేదు.”

“ఇది రాసుకోనా మామ్మా?”

“ఆయన పేరు మాత్రం ఎట్టకు. తలుపు ఎట్టుకో.”

ఆ రాత్రి కుర్రాడు పాత కాగితాలన్నీ పక్కన పడేసి కొత్త కథ మొదలుపెట్టాడు. అందులో ఒకటే శవం. వాడికి ఇంటిపేరు ఉంది, నడకలో చిన్న కుంటు ఉంది, భార్యను పిలిచే ఒక ముద్దుపేరు ఉంది. తలుపుకు ఇవతల ఒక తల్లి, ఆమె ఒళ్ళో పసిపిల్ల. బయట నుంచి తలుపు తట్టిన చప్పుడు. ఒక్క చుక్క రక్తం లేదు.

కాలవ గట్టు మీద చదివితే ఎవరూ ఫోను తీయలేదు. కథ అయ్యాక “తియ్యాలి” అన్నాడొకడు. “పిల్ల సంగతేంట్రా?” అని రెండోవాడు గొంతు పెంచాడు. చీకటిపడ్డా ఆ వాదన తేలలేదు. కుర్రాడికి తన ప్రశ్న దొరికింది.

నీతి: చచ్చినవాడు లేచి నడిస్తే వింత. మనవాడు లేచి నడిస్తే కథ.

జాంబీ కథ రాయాలని ఇంతమందికి ఎందుకనిపిస్తుందంటే, అది రచయితకు మరే కథా ఇవ్వని వీలు ఇస్తుంది. పులి వస్తే పారిపోతాం, దొంగ వస్తే కొడతాం. జాంబీ మాత్రం తెలిసిన ముఖంతో వస్తుంది. దానికి పగ లేదు, పన్నాగం లేదు, అందుకని దాన్ని తిట్టుకునే వీలు కూడా లేదు. పాఠకుడి చూపంతా బతికున్నవాళ్ళ మీదే పడుతుంది. ఎవరు తలుపు తీస్తారు, ఎవరు పక్కింటివాణ్ణి బయటికి నెడతారు, ఎవరు చివరిదాకా చెయ్యి వదలరు అన్నదే కథవుతుంది.

జాంబీ కథ పుట్టుకలోనే ఒక జాతి గుండెకోత ఉంది. హైతీలో చెరకు తోటల్లో బానిసలుగా వెట్టిచాకిరీ చేసినవాళ్ళ బతుకుల్లో దాని వేళ్ళున్నాయి. చచ్చాక కూడా లేపి పనికి తోలితే ఎలా అన్నదే ఆ భయం. చావు కూడా విడుదల కాకపోవడం కంటే ఘోరం వాళ్ళకు ఇంకేముంది? 1968లో జార్జ్ రొమేరో తీసిన ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’ ఈ కథలకు కొత్త దారి వేసింది. అందులో చచ్చి లేచిన చిన్నపిల్ల కన్నతల్లినే చంపుతుంది. చెల్లెల్ని గుంపులోకి లాక్కుపోయేది తోడబుట్టిన అన్నే. ఇంట్లో దాక్కున్నవాళ్ళు తమలో తాము కీచులాడుకుని నాశనమవుతారు. పదకొండో శతాబ్దంలో సోమదేవుడు ‘కథాసరిత్సాగరం’లో చేర్చిన బేతాళ కథల్లోనూ శవం ఊరికే రాదు. రాజు న్యాయబుద్ధిని తూచడానికి వస్తుంది. ప్రశాంత్ వర్మ ‘జాంబీ రెడ్డి’ మన ప్రేక్షకులకు దగ్గరైందంటే, శవాలను కర్నూలు ఫ్యాక్షన్ పగల మధ్యకు నడిపించడం వల్లే అని నా నమ్మకం. ఎక్కడికక్కడ జనాన్ని నిజంగా పీడించేదేదో, శవం ఆ రూపమే వేసుకుంటుంది.

కోనసీమకు ఆ రూపం సముద్రం ఇచ్చింది. 96 తుపానుకు వెయ్యి మందికి పైగా చనిపోయారు. లక్షల కొబ్బరిచెట్లు నేలకూలాయి. కాట్రేనికోన, ఐ.పోలవరం, ముమ్మిడివరం మండలాల తీరం ఎక్కువగా దెబ్బతింది. వేటకెళ్ళి మళ్ళీ కనిపించనివాళ్ళు ఎందరో. అలాంటి ఇళ్ళున్న చోట శవాల కథ రాసేవాడికి స్వేచ్ఛతో పాటు బాధ్యతా ఉంది. పోయినవాళ్ళ పేర్లు మనవి కావు, వాటిని వాడుకోకూడదు. వాళ్ళ కోసం ఎదురుచూసినవాళ్ళు మనకు నేర్పింది మాత్రం నేర్చుకోవాలి.

పెద్దలకు ఒక మాట: మీ పిల్లలు దయ్యాల కథలు, జాంబీ కథలు రాస్తుంటే పిచ్చిరాతలని చింపేయకండి. ‘నాకు కావలసినవాళ్ళు నావాళ్ళు కాకుండా పోతే నేనేం చేస్తాను?’ అని వాళ్ళు తమను తాము అడుగుతున్నారు. మతిమరుపు జబ్బుతో తల్లి కొడుకును గుర్తుపట్టని ఇంట్లో, తాగుడుకు మనిషి మారిపోయిన ఇంట్లో రోజూ ఎదురయ్యే ప్రశ్నే అది. దాన్ని కథలో అడిగి చూసుకున్న పిల్లలకు బతుకులో కాస్త ధైర్యం ఉంటుంది.

రాసే పిల్లలకు ఇంకో మాట: మీ కథను మీ ఊళ్ళోనే నడిపించండి. మొదటి శవానికి ఇంటిపేరు పెట్టండి, దానికోసం ఏడ్చే ఒక మనిషిని పెట్టండి. ఆ తర్వాతే కత్తి తీయండి.