వెల్లువ నీటిలో మిత్రధర్మము

రాత్రి యంతయు వాన కురిసినది. తెల్లవారునప్పటికి ఒకడు తన మిత్రుని తలుపు తట్టి, “ఏరు నిండినది, పడవలు సిద్ధముగా నున్నవి, వచ్చెదవా?” అని అడిగినాడనుకొందము. ముందుగా తలపెట్టిన ప్రయాణము కాదు. ఆలోచించుటకు వ్యవధియు లేదు. ఆ రెండవవాడు చెప్పవలసిన మాట యేది? చూచుటకిది చిన్న ప్రశ్న. కాని ఒకని ప్రాణమునకు మరియొకడు ఎంతవఱకు పూచీదారుడను పెద్ద ప్రశ్న దీని వెనుక నిలిచియున్నది.

ఇట్టి పిలుపు కల్పన యనుకొనవలదు. కేరళములో, కోళిక్కోడు జిల్లా కోడంచేరి ప్రాంతమున, వానకాలమందు ఇది వినబడునట్టిదే. పడమటి కనుమలలోని వెళ్ళరిమల నుండి దిగు ఇరువంజిప్పుళయు, దానిలో కలియు చాలిప్పుళయు వేసవిలో బండల నడుమ సన్నగా పాఱును. నైఋతి ఋతుపవనము తాకినంతనే నురుగులు క్రక్కుచు పరుగెత్తును. 2013లో అచ్చట ఆరంభమైన మలబార్ నదీ ఉత్సవమునకు విదేశముల నుండియు పడవవారు వచ్చిరి. వారి పడవ పేరు కయాక్. సాధారణముగా ఒక్కడు కూర్చుండుటకే చాలును. నీరు చొరకుండ నడుము చుట్టును కప్పు బిగించుకొని, రెండు కొనలయందును రెక్కలున్న తెడ్డుతో దానిని నడపుదురు. అది తలక్రిందులైనచో తెడ్డు ఆధారముతో మరల పైకి లేచు నేర్పును ముందే అభ్యసింతురు. ఈ పేరు వినగానే శరణుల “కాయకము” చెవిలో మెదలుట సహజము. కాని ఆ మాట సంస్కృత కాయశబ్దభవము. ఈ మాట ఉత్తరధ్రువ ప్రాంతపు ఇనుయిట్ జాతివారిది. పోలిక ధ్వనిలోనే. అయినను సీలు తోళ్లతో పడవ కట్టుకొని మంచు సముద్రమున వేటాడిన ఆ జాతివారికి అది జీవనోపాధియే. ఇంటిల్లిపాది ఆకలి తీర్చుటకు వారు పడిన అపాయమును ఎవరు ప్రశ్నింపగలరు? వినోదమునకై అపాయమును కోరుకొనువాడు, అందును మరియొకని వెంటబెట్టుకొని పోవువాడు, సమాధానము చెప్పవలసియుండును.

వాన వెలిసిన మఱునాటి యేరు నిన్నటి యేరు కాదు. నీటి వేగము రెండింతలైనచో దాని తాకిడి నాలుగింతలగును. మోకాలిలోతు ప్రవాహమే మనిషిని పడగొట్టగలదు. బండమీది నుండి దూకిన నీరు క్రింద వెనుకకు మఱలి, చిక్కిన దానిని మరల మరల లోనికి లాగుకొనును. అంతకంటె మోసకరమైనది విరిగిపడిన చెట్టు. నీరు కొమ్మల సందులలో సాగిపోవును. మనిషి సాగలేక ఆ కొమ్మలకే అదుముకొని నిలిచిపోవును. నిన్న లేని చెట్టు నేడు కొట్టుకొని వచ్చియుండవచ్చును. కొండపై కురిసిన వాన క్రింద ఎండ కాయుచుండగనే ఒక్కసారిగా దిగివచ్చుటయు కలదు. మలయాళీలు దానిని మలవెళ్ళప్పాచ్చిల్ అందురు. 2024 జూలై 30 తెల్లవారకమునుపే అదే వెళ్ళరిమల ప్రాంతమున, వయనాడు వైపున, కొండచరియ విరిగి ముండక్కై, చూరల్‌మల జనావాసములను ముంచివేసినది. మృతదేహములు చాలియార్ నదిలో నిలంబూరు వఱకు కొట్టుకొని వచ్చినవి. ఇరువంజిప్పుళ తుదకు కలియునదియు ఆ చాలియారులోనే.

అట్లని ఇల్లు కదలకుండుటయే వివేకమనినచో ప్రశ్న తీరదు, తప్పించుకొనుట మాత్రమగును. ఇట్టి యేళ్లలో పడవ సాగుటకు వాననీరే కావలెను. అది పంచాంగము చూచి రాదు. కావున అప్పటికప్పుడు బయలుదేరుటయందు దోషము లేదు. ఏండ్ల తరబడి నీటిని చదివినవాడు, బోల్తాపడి లేచుట నేర్చినవాడు, అరగంటలో బయలుదేరినను వాని సిద్ధత నాటిది కాదు.

చిక్కంతయు పిలిచినవాడు నేర్పరియు, పిలువబడినవాడు క్రొత్తవాడును అయినపుడు వచ్చును. క్రొత్తవాడు ఏటిని చూచి తలయూపడు. మిత్రుని ముఖము చూచి తలయూపును. పిఱికివాడనుకొనునేమో యను సిగ్గు వానిచేత “వచ్చెదను” అనిపించును. తరువాత ఏదేని జరిగినచో, “తనంతట తానే వచ్చినాడు, వయసు వచ్చినవాడు” అని నేర్పరి చెప్పుకొనవచ్చును. ఆ మాటలో కొంత న్యాయము లేకపోలేదు. ఎవని ప్రాణము వానిది. ఎవని పడవ వానిది. కాని నురుగు చాటున నున్న సుడిని నేర్పరి చూడగలడు, క్రొత్తవాడు చూడలేడు. ఒకడు చూచినదానిని మరియొకనికి చూపకుండ పుచ్చుకొన్న అంగీకారమును పూర్ణమైన అంగీకార మనుట కష్టము. ఎక్కువ తెలిసియుండుటయే అతనిపై ఋణము. క్రొత్తవాడును నిర్దోషి కాడు. ఒంటరిగా దిగరాదనునది ఈ ఆటలో మొదటి కట్టుబాట్లలో ఒకటి. మునిగినవానికి గట్టునుండి త్రాడు విసరుటకు తోడివాడుండవలెను. చేతకాకయే చేతనగునని తలయూపినవాడు తన ప్రాణమునే కాక, తనను నమ్మి ముందు పోవువాని ప్రాణమును గూడ పణమొడ్డుచున్నాడు. ఈ సంగతి యేలనో అంతగా ఎవరును తలపరు.

అందుచేతనే తెలిసినవారు పడవలను ప్రక్కనుంచి, మొదట గట్టు వెంబడి నడచి యేటిని పరికింతురు. ఒక మలుపులో అడ్డముగా పడిన చెట్టు కనబడినదనుకొందము. నేర్పరి దానిని తప్పించుకొని పోగలడు. క్రొత్తవాడు కొంతసేపు నిలిచి, “నేడు నావలన కాదు” అనును. ఏడాది పొడవున ఎదురుచూచిన నీరది. మరల ఇట్టి వాన ఎన్నడో. పోగొట్టుకొనుట లేదనుట అసత్యము. ఆ మాట విన్నంతనే నేర్పరి ముఖమున ఏ భావము తోచునో క్రొత్తవాడు జాగ్రత్తగా గమనించుచునే యుండును. రాబోవు వానకాలమున తలుపు తట్టినపుడు నిజము చెప్పవలయునో, ఊరక తలయూపవలయునో అతడు అప్పుడే తేల్చుకొనుచుండును.